గడియారాల మధ్య ఒక నవాబు: మూడో సాలార్‌జంగ్ కథ

రెండేళ్ల కింద నేను జుమేరాత్ బజార్‌లో ఒక జేబు గడియారం కొన్నాను. పెద్ద అంబర్‌పేట్ నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి, బేరమాడి, సంబరంగా తెచ్చుకున్న వస్తువది. వెనక మూత మొత్తం అద్దమే. చావి తిప్పితే లోపల ఇత్తడి చక్రాలు కదులుతాయి, చిన్న చక్రం ఒకటి అటూ ఇటూ ఊగుతూ టక్ టక్ మంటుంది. ముందు వైపు మూత మీద 1785 అని చెక్కి ఉంది. నవాబుల జమానాది అని అమ్మినాయన ఒట్టు పెట్టుకున్నాడు. నేను నమ్మేశాను.

వారం తిరగకముందే అది ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పాత గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయా. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని అర నిమిషం చూశాడో లేదో నవ్వేశాడు. ఈ గడియారానికి పదేళ్లు కూడా ఉండవని తేల్చేశాడు. ఎట్లా తెలిసిందంటే, తలకాయ దగ్గర బొడిపె తిప్పి చావి ఇచ్చే పద్ధతి జనంలోకి వచ్చింది 19వ శతాబ్దం సగం దాటాకనే. అంతకు ముందు గడియారాలకు విడిగా చిన్న తాళంచెవి ఉండేది, రంధ్రంలో పెట్టి తిప్పాలి. 1785 నాటి గడియారానికి తల మీద బొడిపె ఎక్కడి నుంచి వస్తుంది? పైగా డయల్ మీద అంకెలు కాగితం మీద అచ్చు గుద్దినట్టున్నాయి. అసలు పాతవాటి డయల్ పింగాణీలా మెరుస్తుంది, దాని మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. అసలు సరుకు చూడాలంటే దారుల్‌షిఫాకు పో, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నాయి, అని చెప్పి పంపించాడు. రిపేరుకు మాత్రం పైసలు తీసుకోలేదు.

స్కూల్లో ఉన్నప్పుడు మ్యూజియం చూశాను. మీరూ చూసే ఉంటారు. పన్నెండింటికి గంటలు కొట్టే గడియారం ముందు నిలబడ్డం, ముసుగు వేసుకున్న రెబెకా బొమ్మ చూడ్డం, ఐస్‌క్రీం తినడం, అంతే మనందరి జ్ఞాపకం. ఈసారి గడియారాల కోసం పోయి, వాటిని కొన్న మనిషి గురించి తెలుసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ మనిషి పేరు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. లోకానికి మూడో సాలార్‌జంగ్.

ఆయన పుట్టింది 1889 జూన్ 13న, పూనాలో. అదే ఏడాది మన చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు బిగించారు. అది ఊరికే కలిసొచ్చిన విషయం, దానికి పెద్ద అర్థం ఏమీ లేదు. కానీ ఆ కాలం ఎట్లాంటిదో చెప్పడానికి పనికొస్తుంది. అంతదాకా అజాన్‌తో, ఎండ పొద్దుతో రోజు గడుపుకున్న శహర్‌కు మెల్లమెల్లగా నిమిషాల లెక్క అలవాటవుతున్న రోజులవి. 1874లో రైలు వచ్చింది. రైలు ఎవరి కోసమూ ఆగదు గదా. 1892 నాటికి మహబూబ్ చౌక్‌లో గంటస్తంభం లేచింది. షేర్వానీ జేబులోంచి గొలుసు వేలాడేసుకోవడం దర్బారులో మర్యాద అయింది, కచేరీల్లో గుమాస్తాలకు కూడా మోజు అయింది.

బాబు పుట్టి నెల రోజులు కూడా నిండలేదు, తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, అంటే రెండో సాలార్‌జంగ్, జూలై 7న కన్నుమూశాడు. ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. అంతకు రెండేళ్ల ముందే దివాన్ పదవి పోయింది. తాత మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్, 1883లోనే పోయాడు. ఆ తాత మామూలు మనిషి కాదు. 24 ఏళ్లకే దివాన్ అయ్యి ముగ్గురు నిజాముల కింద ముప్పై ఏళ్లు రాజ్యాన్ని నడిపాడు. అప్పుల్లో మునిగిన ఖజానాను ఒడ్డుకు చేర్చాడు. రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసి, జీతానికి పనిచేసే అధికారులను పెట్టాడు. 1876లో యూరప్ పోయినప్పుడు రోమ్‌లో బెంజోనీ అనే శిల్పి చెక్కిన రెబెకా బొమ్మను కొని తెచ్చింది ఆయనే. అంటే వస్తువులు కొనే యావ ఈ ఇంట్లో మనవడితో మొదలవలేదు.

ఇంత పెద్ద ఖాందాన్‌కు మిగిలింది ఒక పసిగుడ్డు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ బిడ్డ బాధ్యత తన మీద వేసుకున్నాడు. ఎస్టేటు వ్యవహారాలు సర్కారు నిఘాలో నడిచాయి. ఎల్బీనగర్ నుంచి మెట్రో ఎక్కితే వెంటనే వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. సరూర్‌నగర్‌లోని ఆ మహల్‌ను అనాథ పిల్లలకు ఆశ్రయంగా ఇచ్చింది కూడా ఈ మహబూబ్ అలీ ఖానే. రోజూ మన బస్తీల నుంచి వేల మంది ఆ స్టేషన్ మీదుగా పోతుంటారు, పేరు ఎందుకొచ్చిందో ఎంతమందికి తెలుసో గానీ.

పిల్లవాడు నిజాం కాలేజీలో చదువుకున్నాడు. ఇంట్లో అరబ్బీ, ఫార్సీ. ఇల్లంటే మూసీ ఒడ్డున దివాన్ దేవ్డీ. తాతలు తండ్రులు అందరూ దివాన్లే కాబట్టి దేవ్డీకి ఆ పేరు. మీర్ ఆలం చెరువు ఉంది గదా, ఆ మీర్ ఆలం కూడా వీళ్ల పెద్దల్లో ఒకడు. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వరదొచ్చి శహర్ సగం కొట్టుకుపోయినప్పుడు యూసుఫ్ అలీ ఖాన్‌కు 19 ఏళ్లు. మూడేళ్లకు మహబూబ్ అలీ ఖాన్ పోయాడు. గద్దె మీదికి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాడు.

కొత్త నిజాం 1912లో మహారాజా కిషన్ పర్షాద్‌ను తప్పించి, 23 ఏళ్ల సాలార్‌జంగ్‌ను దివాన్‌ని చేశాడు. తాత కూర్చున్న కుర్చీ. అందరి కళ్లూ ఆయన మీదే. రెండేళ్లు దాటింది. 1914 నవంబర్‌లో ఆయన పదవి వదిలేశాడు. నిజాంకూ ఆయనకూ పొసగలేదన్న మాట మాత్రం నిజం. ఆ తర్వాత అయిదేళ్ల దాకా ఉస్మాన్ అలీ ఖాన్ ఎవరినీ దివాన్‌గా పెట్టుకోలేదు, రాజ్యం పగ్గాలు సొంతంగా పట్టుకున్నాడు. దీన్నిబట్టి తప్పు కుర్రవాడిదా, కుర్చీదా అనేది మీరే ఊహించుకోండి. నా మటుకు నాకు, ఎంత గట్టి దివాన్ ఉన్నా ఆ నిజాం భరించేవాడు కాదనిపిస్తుంది.

అట్లా 25 ఏళ్ల వయసుకు ఆ మనిషికి ఉద్యోగం లేదు, చేయాల్సిన పని లేదు. పెళ్లి చేసుకోలేదు, కడదాకా చేసుకోలేదు. చేతిలో జాగీర్ల ఆదాయం ఉంది. ఇవాళ కర్ణాటకలో ఉన్న కొప్పళ ప్రాంతం సాలార్‌జంగ్ జాగీరే. అజంతా ఊరు కూడా ఆ జాగీర్లోదే. దివాన్ దేవ్డీకి వచ్చి చేరిన ప్రతి గడియారం వెనకా, ప్రతి పింగాణీ కప్పు వెనకా ఆ ఊళ్లలో శిస్తు కట్టిన రైతు ఉన్నాడు. మ్యూజియం బోర్డుల మీద ఆ రైతు పేరు ఉండదు. ఈ మాట చెప్పకుండా ఆయన్ని పొగిడితే సగం కథే అవుతుంది. అయితే అదే కాలంలో అంతకన్నా పెద్ద జాగీర్లున్నవాళ్లు ఆ డబ్బును షికార్లకూ, విందులకూ తగలేశారు. వాళ్లు ఏం మిగిల్చారో వెతికినా దొరకదు.

కొనడం మొదలైంది. ముప్పై అయిదేళ్లు ఆగలేదు. ఆయన కొనే మనిషని తెలిసి అన్ని దిక్కుల నుంచీ వ్యాపారులు దివాన్ దేవ్డీ గుమ్మం తొక్కేవారు. ఆయన కూడా యూరప్ పోయి కొన్నాడు. జేడ్ రాయితో చేసిన మొఘలుల కటార్లు, చైనా పింగాణీ, ఫ్రెంచి కుర్చీలు, దంతపు బొమ్మలు, పెర్షియా తివాచీలు, బొమ్మల సైనికులు, చేతికర్రలు. చేతిరాత ఖురాన్ ప్రతులు ఎన్నో. వాటిలో యాఖూత్ ముస్తాసిమీ రాసినట్టు చెప్పే ప్రతి ఒకటుంది, దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముద్రలూ సంతకాలూ ఉన్నాయి. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

మంచిదీ చెడ్డదీ రెండూ కొన్నాడు, దాచాల్సిన పనిలేదు. యూరప్ చిత్రాల గదుల్లో కొన్ని నకళ్లు ఉన్నాయి. కళ తెలిసినవాళ్లు పెదవి విరిచే అలంకార సామాను కూడా చాలా ఉంది. ఒక పండితుడు వడపోసి కట్టిన సేకరణ కాదిది. కంటికి నచ్చింది తెచ్చుకున్న మనిషి ఇల్లు. బహుశా అందుకే మామూలు జనానికి ఈ మ్యూజియం అంత దగ్గరైంది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ బెరుకు లేకుండా తిరుగుతారు, ఆశ్చర్యపోతారు, నవ్వుకుంటారు.

ఇక గడియారాలు. నేను పోయింది వాటి కోసమే గదా. నీడను బట్టి పొద్దు చెప్పే ఎండ గడియారాల నుంచి మొదలుపెట్టి, భూతద్దం పెడితే గానీ కనిపించనంత చిన్నవాటి దాకా, మనిషి కన్నా ఎత్తైన గ్రాండ్‌ఫాదర్ క్లాకుల దాకా ఉన్నాయి. ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మనీ సరుకు. పంజరంలో పిట్ట ఉండి, దాని కింద డయల్ ఉన్న గడియారాలున్నాయి. నా కాళ్లు ఆగిపోయింది మాత్రం స్కెలిటన్ క్లాకుల దగ్గర.

స్కెలిటన్ అంటే అస్థిపంజరం. పేరు సరిగ్గా సరిపోయింది. మామూలు గడియారంలో యంత్రాన్ని రెండు ఇత్తడి పలకల మధ్య బిగించి, మూత పెట్టేస్తారు. ఇందులో ఆ పలకల్ని వీలైనంత కోసేసి, తీగల్లా సన్నగా చెక్కి, లోపలి చక్రాలన్నీ బయటికి కనపడేట్టు చేస్తారు. దుమ్ము పడకుండా పైన గాజు బుడ్డి బోర్లిస్తారు. 1760 ప్రాంతంలో ఫ్రెంచి రాజు పదిహేనో లూయీకి గడియారాలు చేసే కారోన్ ఈ పద్ధతి మొదలుపెట్టాడని చెప్తారు. తర్వాత వందేళ్లకు ఇంగ్లండ్‌లో ఇంటింటా మోజైంది. మన జేబులో పట్టే అద్దం మూత గడియారాలకు ఇవి పెద్దన్నలు.

జేబు గడియారాల్లో ఆ అద్దం ఎందుకొచ్చిందంటే, అది కూడా వ్యాపారం తెలివే. అమెరికాలో వాల్తమ్, ఎల్జిన్ లాంటి కంపెనీలు యంత్రాన్ని ఒకటిగా, డబ్బీని ఇంకొకటిగా అమ్మేవి. గిరాకీ దుకాణానికొచ్చి ముందు యంత్రం ఎంచుకుంటాడు, తర్వాత తన తాహతును బట్టి వెండి డబ్బీయో బంగారు డబ్బీయో తీసుకుంటాడు. యంత్రం నాణ్యత చూపించడానికి దుకాణదారు దాన్ని అద్దాల డబ్బీలో పెట్టి చేతికిచ్చేవాడు. అంటే ఆ డబ్బీ అమ్మకానికి కాదు, చూపించడానికి. ఇవాళ పాత గడియారాలు సేకరించేవాళ్లు అసలు ఆ చూపించే డబ్బీల కోసమే వెతుకుతారు. కాలం తమాషా ఇట్లా ఉంటుంది.

అద్దం మూతలో గడియారం అంటే అన్నింటికన్నా పేరున్నది బ్రెగే చేసినది. ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ కోసం 1783లో ఆర్డర్ వచ్చింది. ముందూ వెనకా స్ఫటికం, లోపల అప్పటికి తెలిసిన ప్రతి పనితనమూ. అది పూర్తయ్యేసరికి 1827. రాణిని 1793లోనే చంపేశారు, బ్రెగే 1823లో పోయాడు. ఆఖరికి అది చేరింది ఎక్కడికనుకున్నారు? జెరూసలేంలోని ఇస్లామీ కళల మ్యూజియంకు. ఆ మ్యూజియం పెట్టిన ఆవిడ తండ్రి గడియారాల పిచ్చోడు, ఆయన సేకరణ అక్కడ పెట్టారు. 1983లో దొంగలు పడి దాన్ని ఎత్తుకుపోయారు. ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ దొరికింది. సేకరించిన మనిషి పోయాక సేకరణకు ఏ గతి పడుతుందో ఎవరూ చెప్పలేరనడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. మన సాలార్‌జంగ్ సామాను గతి కూడా ఒక దశలో అట్లా గాల్లో వేలాడింది. ఆ సంగతికి వస్తున్నా.

స్కెలిటన్ క్లాక్ ముందు ఓపిగ్గా నిలబడితే గడియారం ఎట్లా నడుస్తుందో చదువు రాకున్నా అర్థమవుతుంది. చావి ఇస్తే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. అది విప్పుకోవాలని చూస్తుంది. ఒక్కసారిగా విప్పుకుంటే చక్రాలన్నీ గిర్రున తిరిగి అయిదు నిమిషాల్లో ఖతం. అందుకని చివర ఒక పళ్ల చక్రాన్ని రెండు కొనల కొక్కెం ఒకటి పట్టి, వదిలి, పట్టి, వదిలి, ఒక్కో పన్ను చొప్పున పోనిస్తుంది. ఆ పట్టివేతే మనకు వినిపించే టక్ టక్. పాతకాలం జేబు గడియారంలో ఇది సెకనుకు అయిదు సార్లు, అంటే గంటకు 18,000 సార్లు. రోజుకు 4,32,000. మనం నిద్రపోతున్నా అది పట్టుకుంటూ వదులుకుంటూనే ఉంటుంది.

జనం గుమిగూడేది మాత్రం వీటి దగ్గర కాదు, పెద్ద సంగీత గడియారం దగ్గరే. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి కొన్నది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన 350కి పైగా భాగాలను కలకత్తాలో కూర్చారు. గడ్డం మనిషి ఒకడు సుత్తి పట్టి సెకండ్లు కొడుతూనే ఉంటాడు. గంట కావడానికి మూడు నిమిషాల ముందు తలుపు తెరుచుకుని ఇంకో బుల్లి మనిషి బయటికి వస్తాడు, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి ఎక్కువ సేపు కొడతాడు కాబట్టి అప్పుడు రద్దీ ఎక్కువ. దివాన్ దేవ్డీలో ఒంటరిగా ఉండే నవాబు ఆ గంటలు ఎట్లా విన్నాడో, వింటూ ఏమనుకున్నాడో. అన్ని గడియారాలున్న ఇంట్లో, ఎవరూ ఏ వేళకూ రమ్మని పిలవని మనిషి.

ఆయన మర్యాదస్తుడని, సాహిత్యకారులకు, పుస్తకాల అచ్చుకు సాయం చేసేవాడని పేరు. రాజకీయాల్లోకి మళ్లీ తల దూర్చలేదు. బయట మాత్రం లోకం వేగంగా మారుతోంది. 1935లో మొజంజాహి మార్కెట్ గడియారం లేచింది, రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది పోయింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆ నెలల్లో చాలా ఇళ్లలో ఏం జరిగిందో మన పెద్దల దగ్గర విన్నదే. పాత లోకం మొత్తం కూలిపోతుంటే ఆయన తన సామాను మధ్యనే ఉన్నాడు.

1949 మార్చి 2న సాలార్‌జంగ్ కన్నుమూశాడు. నిండా 60 ఏళ్లు లేవు. దాయిరా మీర్ మోమిన్‌లో తన పెద్దల పక్కన ఖననం చేశారు. ఇంకో అయిదు నెలలకు, ఆగస్టులో, జాగీర్లే రద్దయ్యాయి. ఆయన బతికుంటే కొనడానికి ఇక డబ్బు వచ్చే దారి ఉండేది కాదు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. పెళ్లాం పిల్లలు లేని మనిషి. 40 వేలకు పైగా వస్తువులు, వేల సంఖ్యలో చేతిరాత ప్రతులు, పెద్ద గ్రంథాలయం. బంధువులు చాలామంది, హక్కులడిగినవాళ్లు చాలామంది. షరీఅత్ ప్రకారం వారసులు పంచుకుంటే ఎవరి వాటా వాళ్లు తీసుకుపోతారు. అందులో తప్పు లేదు, వాళ్ల హక్కు అది. కానీ అట్లా జరిగితే రెండు మూడేళ్లలో గడియారాలన్నీ ముంబై, లండన్ వేలాల్లో తేలేవి. ఇంకెంతమంది నవాబుల సామాను అట్లా కరిగిపోలేదు?

అప్పటి ప్రభుత్వం ఎస్టేటును చూసుకోవడానికి ఒక కమిటీ వేసింది. హైదరాబాద్‌కు ముఖ్య పౌర పాలకుడిగా ఉన్న వెల్లోడి ఈ సామానుతో ఒక మ్యూజియం పెట్టాలన్న ఆలోచనకు ఊతమిచ్చాడు. వస్తువుల్ని ఒక పద్ధతిలో అమర్చే పని జేమ్స్ కజిన్స్ అనే కళా విమర్శకుడికి అప్పగించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవ్డీలోనే మ్యూజియం తలుపులు తెరిచారు. తెరిచింది ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. ఎవరి ఇంట్లోకి జనం రావాలంటే అనుమతి కావాల్సి వచ్చేదో, ఆ ఇంట్లోకి రిక్షా తొక్కేవాడు కూడా చెప్పులు టకటకలాడించుకుంటూ పోయే రోజు వచ్చింది.

కోర్టు వ్యవహారం ఇంకా ఏళ్లు పట్టింది. 1958లో వారసులు రాజీకి వచ్చారు, హైకోర్టు ద్వారా అది ఖాయమైంది, సేకరణ భారత ప్రభుత్వానికి దక్కింది. 1961లో పార్లమెంట్ చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. ఈ రాజీని మనం సరిగ్గా తలచుకోం. నవాబు కొన్నాడు, సర్కారు మ్యూజియం పెట్టింది అని రెండు ముక్కల్లో చెప్పేస్తాం. మధ్యలో తమ వాటా విడగొట్టి ఎత్తుకుపోకుండా ఒప్పుకున్న కుటుంబం ఒకటుంది. వాళ్లు మొండికేసి ఉంటే ఇవాళ నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

1968లో సామాను మొత్తం దారుల్‌షిఫాలో కట్టిన ఇప్పటి భవనంలోకి మార్చారు. ఆ మార్పుల్లో, అంతకు ముందూ, ఎన్నో వస్తువులు మాయమయ్యాయని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఎంత నిజమో నేను తూచలేను. కళ్లకు కనిపించే నష్టం ఇంకొకటుంది. దివాన్ దేవ్డీ మహల్ లేదు. కూల్చేశారు. కమాను మిగిలింది, దాని లోపల దుకాణాలు, గోదాములు. గుడ్డల మూటలు మోసే ఆటోలు ఆ కమాను కిందినుంచే పోతాయి. ఇంట్లో సామానంతా భద్రంగా దాచుకుని ఇంటిని పోగొట్టుకున్నాం. దీని మీద నాకు కోపమే ఉంది. గడియారాలు ఎక్కడ మోగాయో ఆ గది ఇది అని పిల్లలకు చూపించడానికి ఏమీ లేదు.

ఇంకో బాధ, నన్ను మ్యూజియంకు పంపిన పెద్దాయన చెప్పింది. బ్యాటరీ గడియారాలు వచ్చాక చావి గడియారం బాగుచేసేవాళ్లు తగ్గిపోయారు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లే లేరట. ఫోన్లు రిపేరు చేస్తే రోజుకు వచ్చే డబ్బు ఇందులో వారానికి రాదు. చక్రం అరిగితే కొత్త చక్రం దుకాణంలో దొరకదు, ఇత్తడి తీసుకుని పళ్లు కోసుకోవాలి. నూనె ఎండిపోతే చక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఏ స్కెలిటన్ క్లాక్ అయినా, దాని గాజు బుడ్డి ఎంత శుభ్రంగా ఉన్నా, అది తెలిసిన చెయ్యి లేకపోతే ఉత్త ఇత్తడి బొమ్మే.

పోదామనుకునేవాళ్ల కోసం ఒక మాట. పెద్ద అంబర్‌పేట్ నుంచి గానీ, హయత్‌నగర్ నుంచి గానీ బస్సులో ఎల్బీనగర్ దాకా వచ్చి మెట్రో ఎక్కండి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి ఎంజీబీఎస్‌లో దిగి మూసీ దాటితే చాలు. శుక్రవారం మ్యూజియంకు సెలవు, జుమ్మా నమాజ్ తర్వాత పోదామనుకుంటే గేటు మూసే ఉంటుంది. పన్నెండింటి గంటలు వినాలంటే పదకొండున్నరకే చేరుకోండి, ముందు వరుసలో పిల్లలను కూర్చోబెట్టండి. ఆ హడావిడి అయ్యాక అందరూ బయటికి పోతారు. అప్పుడు గడియారాల గదిలోకి వెళ్లండి, నిశ్శబ్దంగా ఉంటుంది.

నేను పోయిన రోజు నా నకిలీ గడియారం కూడా జేబులోనే ఉంది. బుల్లి మనిషి పన్నెండో దెబ్బ కొట్టేటప్పుడు తీసి చూశాను. పన్నెండుకు ఆరు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. రోజూ ఒకే వేళకు చావి ఇవ్వమని పెద్దాయన చెప్పాడు కాబట్టి ఇప్పుడు పొద్దున ఫజర్ అయ్యాక ఇస్తున్నాను. ఇంకా రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతోంది.